రెండు బొమ్మల ముందు కూర్చోబెట్టడం

డ్రాయింగ్ టీచర్లుగా కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ నందిగామలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. "మేడమ్, పిల్లలకి ఎట్టా చెప్పాలో కాస్త చెప్పండి" అని అడుగుతారు. కాఫీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తాను. వాళ్లు గేటు దాటాక అసలు చెప్పాల్సింది చెప్పలేదే అనిపిస్తుంది. అందుకని ఇది రాస్తున్నాను. ఏ ఊళ్లో చేరానో, ఎప్పుడు బదిలీ అయిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. రాయడం మొదలుపెడితే నాకే ఆవలింతలు వస్తాయి.

ముందు ఒక నిజం చెబుతాను. బడిలో మీ ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆగస్టు పదిహేనుకి ముగ్గు కావాలంటే మీరు గుర్తొస్తారు. పెద్దవాళ్లెవరో వస్తున్నారంటే స్వాగతం బోర్డు రాయడానికి గుర్తొస్తారు. పరీక్షలు దగ్గర పడితే లెక్కల మాస్టారు మీ పీరియడ్ అడిగి తీసుకుంటారు. కొన్నాళ్లకి అడగడం కూడా మానేస్తారు. దీనికి కోపం తెచ్చుకోకండి. నేను తెచ్చుకున్నాను, నాకు బీపీ తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంకో నిజం కూడా ఉంది. ఏ బడిలోనైనా పిల్లల్ని బొమ్మ గీయమంటే రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కింద ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు గీస్తారు. మన జగ్గయ్యపేట వైపు కొండలని క్వారీలవాళ్లు మెట్లు మెట్లుగా కోసేశారు. ఆ మెట్లు ఏ పిల్లా గీయదు. కిటికీలోంచి కనిపించే కొండ వదిలేసి, ఎవరో బోర్డు మీద ఎప్పుడో గీసిన కొండ గీస్తుంది. పిల్లలకి గీయడం రాక కాదు. వాళ్లని ఎవరూ చూడమనలేదు, అంతే. నా ఉద్యోగం చూడమనడం అని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

జగ్గయ్యపేటలో లేని రాళ్లా

పిల్లల్ని విజయవాడ మ్యూజియానికి తీసుకెళ్తానని మొదటిసారి అడిగినప్పుడు నేను జగ్గయ్యపేటలో పనిచేస్తున్నాను. హెడ్మాస్టర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అలా పెట్టారంటే కుదరదని అర్థం.

"మ్యూజియం అంటే రాళ్లేగా అమ్మా. మన జగ్గయ్యపేటలో లేని రాళ్లా? లారీల కొద్దీ పోతున్నాయి రోజూ. బస్సు ఖర్చు పెట్టుకుని పోయి చూసేదేంటి?"

"చెక్కిన రాళ్లండి."

"చెక్కని రాళ్లకే దిక్కులేదు."

ఆయన చెడ్డవాడు కాదు. పిల్లలకి ఏదైనా అయితే తన మీదకి వస్తుందని భయం. చివరికి ఆయనే ఒక ఏర్పాటు చేశారు. పొద్దున గుడి, తర్వాత బ్యారేజీ, మధ్యాహ్నం భోజనం, తర్వాత మ్యూజియం, సాయంత్రం పార్కు. మ్యూజియం అన్ని గదులూ గంటలోపు తిప్పెయ్యాలి. అలాగే తిప్పేశాం. మర్నాడు క్లాసులో ఏం చూశారర్రా అంటే అందరూ కలిసి ఐస్‌క్రీమ్ అన్నారు. ఆ సమాధానానికి పిల్లల్ని తిట్టడానికి ఏమీ లేదు. ఆ రోజు నింపాదిగా నిలబడి చూసింది దాన్నొక్కదాన్నే.

కానీ ఆ ప్రయాణంలోనే నాకొకటి దొరికింది. మ్యూజియం గుమ్మం దగ్గర, ఎవరూ చెప్పకుండానే, పిల్లలంతా చెప్పులు విడిచేశారు. లోపల పెద్ద పెద్ద విగ్రహాలు కనిపించాయి కదా, గుడే అనుకున్నారు. తల లేని బుద్ధుడి ముందు ఒక పిల్ల జడలోంచి కనకాంబరాలు తీసి పెట్టి దణ్ణం పెట్టుకుంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఇక్కడ పూలు పెట్టకూడదు! ఇది గుడి కాదు!"

"మరి దేవుడున్నాడుగా?" అంది ఆ పిల్ల.

వాచ్‌మన్ నా వంక చూశాడు. నేను అతని వంక చూశాను. చివరికి అతనే పూలు తీసి ఆ పిల్ల చేతిలోనే పెట్టి, "ఇక్కడ చూపుతోనే దణ్ణం పెట్టుకోవాలమ్మా" అన్నాడు. నాకా మాట నచ్చింది. అప్పటి నుంచి ఏటా పిల్లలని చెప్పులు విడిచి రమ్మనే చెప్పాను. చల్లటి బండల మీద ఉత్త కాళ్లతో నడిచేవాళ్లు పరిగెత్తరు, గొంతు కూడా తగ్గిస్తారు. మీరూ ప్రయత్నించి చూడండి.

రెండే బొమ్మలు

తర్వాతి ఏడు గుడీ బ్యారేజీ తీసేశాను. మ్యూజియంలో కూడా అన్ని గదులూ తీసేశాను. రెండు బొమ్మలు ఎంచుకున్నాను, ఒకటి పాత రాతి శిల్పం, ఒకటి రంగుల బొమ్మ. వాటి ముందు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టాను.

పద్ధతి పెద్దదేం కాదు. ముందు కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. పక్కనున్న చీటీ చదవకూడదు. చీటీ చదివితే పిల్లలు ఇక బొమ్మ వంక చూడరు, పరీక్షలో వస్తుందేమోనని ఆ పేరూ శతాబ్దమూ బట్టీపడతారు. ఫోన్లు నా సంచిలో ఉండాలి. తర్వాత ఒక్కొక్కరూ రెండు మాటలు చెప్పాలి. ఈ రెండు బొమ్మలకీ ఏం కలిసింది, ఏం కలవలేదు. ముందువాళ్లు చెప్పింది మళ్లీ చెప్పకూడదు.

ఆ ఆఖరి షరతులోనే ఉంది అంతా. మొదటి పది మందికి తేలిక. ఇది రాయి, అది రంగు. ఇందులో ముగ్గురు, అందులో ఒక్కరు. పదకొండో పిల్లకి చెప్పడానికి ఏమీ మిగలదు. అప్పుడు చూడ్డం మొదలుపెడుతుంది. పాత శిల్పంలో ఆడవాళ్లని చూసి, "మిరప కోతలకొచ్చే లంబాడీ వాళ్లకి మల్లే మోచేతులపైకి గాజులున్నయ్ టీచర్" అని ఒక పిల్ల చెప్పింది. క్వారీలో తండ్రి పనిచేసే ఇంకో పిల్ల ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్లి, "ఇది మా రాయే" అని గర్వంగా తిరిగొచ్చింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. "అందులో ఏముంది?" అని అడక్కండి. అలా అడిగితే సరైన జవాబు ఒకటుందని, అది మీ దగ్గరుందని పిల్లలకి తెలిసిపోతుంది. "నీకేం కనిపిస్తోంది?" అని అడగండి. చాలా ఏళ్లు నేను ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకుని ఏది నోటికొస్తే అది అడిగేదాన్ని. వాటి మధ్య ఎంత దూరముందో వీరబాబు వల్ల తెలిసింది.

వీరబాబు

అప్పటికి నేను నందిగామ బడికి వచ్చేశాను. వీరబాబు ఎనిమిదో తరగతి. చందర్లపాడు వైపు నుంచి ఆటోలో వచ్చేవాడు. పెన్సిల్ పట్టుకుంటే వాడి చేయి ఆగేది కాదు. పడుకున్న గేదె, ట్రాక్టరు టైరు గాట్లలో ఇరుక్కున్న మట్టి, నోరు తెరిచి నిద్రపోయే చెల్లెలు. నేను నేర్పిందేమీ లేదు. చెల్లెలి బొమ్మ చూస్తే ఆ పిల్లకి జలుబు చేసిందని కూడా తెలిసేది.

కానీ రంగులేస్తే మాత్రం గందరగోళం. మట్టి రంగు చిలక వేసేవాడు. సోషల్ మ్యాపులో అడవులన్నీ ఇటుక రంగులో వచ్చేవి. సోషల్ టీచర్ వాడికి పొగరు అని తేల్చేసింది. "అంత బాగా గీసేవాడికి ఆకు రంగు తెలీదా? మనల్ని ఆటపట్టిస్తున్నాడు" అనేది. రంగుల పెట్టె కొనలేక పక్కవాళ్లవి అరువు తీసుకుని ఏది దొరికితే అది పూస్తున్నాడేమోనని నేననుకునేదాన్ని.

ఇంట్లో ఇంకా ఇబ్బంది. వాళ్లది మిరప తోట. ఆదివారాలు కోతకి వెళ్లేవాడు. వాడి గంపలో పండు కాయలతో పాటు పచ్చి కాయలు కూడా పడేవి. పచ్చికాయ ఎండితే తెల్లబడి తాలు అవుతుంది, మంచి సరుకులో తాలు కనపడితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. వాళ్ల నాన్న కోటయ్య చెప్పాడు, తిట్టాడు, తర్వాత కొట్టాడు. ఆఖరికి వీడి ధ్యాసంతా బొమ్మల మీదుందని, అందుకే పని చెడగొడుతున్నాడని అనుకుని పెన్సిళ్ల డబ్బా లాక్కున్నాడు.

మ్యూజియానికి పంపమని అడగడానికి కోటయ్యకి ఫోన్ చేశాను.

"మీరడిగారని పంపుతున్నానండి. ఇదే ఆఖరు. ఇక బొమ్మలు కట్టిపెట్టి పని నేర్చుకోమన్నా. పండేదో పచ్చేదో తెలిసి కూడా కావాలని కోస్తన్నాడండి. అట్టాంటోణ్ణి ఏం చెయ్యాలి, మీరే చెప్పండి."

పంపుతున్నాడు, అదే చాలనుకున్నాను.

ఎర్ర చీర, ఆకుపచ్చ చీర

ఆ ఏడు నేను మళ్లీ ఎంచుకున్న జత రంగుల బొమ్మలు. రెండూ ఒకే చిత్రకారుడు వేసినవి, పక్కపక్కనే ఉంటాయి. ఒకే కిటికీ, ఒకే కుర్చీ, ఒకే ఆవిడ. ఒకదాంట్లో ఎర్ర చీర, ఇంకోదాంట్లో ఆకుపచ్చ చీర. మొదటి పిల్ల చీర రంగు చెప్పేస్తుంది, ఆ తర్వాత మిగతావాళ్లకి పని పడుతుంది అని నా లెక్క.

ఆ రోజు వరస వీరబాబు నుంచే మొదలైంది. వాడు రెండు బొమ్మల వంకా చాలాసేపు చూశాడు.

"చీర ఒకటే టీచర్. అదే చీర కట్టుకుని మళ్లీ వచ్చి కూకుంది. కానీ రెండోసారికి మనిషి చిక్కిపోయింది. మెడకాడ ఎముక కనపడతంది. కిటికీలో ఎండ కూడా కిందకి దిగింది."

పిల్లలు గొల్లున నవ్వారు. "ఒరేయ్, ఎర్రదీ ఆకుపచ్చదీ ఒకటేనంటరా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నేను బొమ్మల వంక చూశాను. ఆవిడ నిజంగానే చిక్కిపోయి ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆ రెండు బొమ్మల ముందూ నిలబడ్డాను, ఎన్నో బ్యాచ్‌లని కూర్చోబెట్టాను. ఆ మెడ ఎముక ఒక్కళ్లూ చెప్పలేదు, నేనూ చూడలేదు. మా అందరి చూపూ చీర దగ్గరే ఆగిపోయింది.

వీరబాబు నవ్వేవాళ్లని చూసి తనూ నవ్వేశాడు. "ఊరికే అన్నాలేరా, ఎగతాళికి" అన్నాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. అది బాగా అలవాటైన నవ్వు. తెలియనివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమని వాడు ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. పద్నాలుగేళ్లు కూడా నిండనివాడు. అక్కడేమీ అడగలేదు. పదిమందిలో అడగకూడదని మీకు చెప్పనక్కర్లేదనుకుంటాను.

మిగతావాళ్లు నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు వీరబాబు కనిపించలేదు. వెతికితే శిల్పాల గదిలో దొరికాడు. పాత రాతిపలక ముందు, ఉత్త బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. రంగు లేని రాయి. అంతా ఒకటే తెలుపు, వెలుగూ నీడా తప్ప ఏమీ లేదు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. నా మోకాళ్లు ఒప్పుకోలేదు కానీ కూర్చున్నాను.

వాడు పలక వంక చూస్తూనే అన్నాడు.

"ఇక్కడైతే అందరికీ ఒకటే కనపడుద్ది టీచర్."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మట్టి రంగు చిలకా, ఇటుక రంగు అడవులూ, గంపలో పచ్చి కాయలూ అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి.

"రంగులు కలిసిపోతున్నాయా నాన్నా?"

వాడు తల దించుకున్నాడు. క్రేయాన్ మీద కాగితం ఉంటే పేరు చదివి వేస్తాడట. కాగితం ఊడిపోతే అదృష్టం మీద వదిలేస్తాడట.

"మా నానకి చెప్పొద్దు టీచర్."

"ఎందుకురా?"

"కావాలని చేత్తన్నా అనుకుంటే కొడతాడు. అంతే. కళ్లు బాగోలేవని తెలిస్తే ఏడుత్తాడు."

డాక్టరమ్మ

చెప్పక తప్పదు. కానీ ఎలా చెప్పాలన్నదే మన పని. వాడొక్కణ్ణీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మర్నాటికి బడంతా కొత్త పేరు పెట్టేస్తుంది. అందుకని నందిగామలో నాకు తెలిసిన కళ్ల డాక్టరమ్మని బతిమాలి బడికి పిలిపించాను. ఎనిమిదో తరగతి మొత్తానికీ పరీక్ష చేయించాం. రంగు చుక్కల్లో అంకెలు కనిపించే పుస్తకం ఒకటి తెచ్చింది ఆవిడ. పిల్లలు దాన్ని ఆటలాగే ఆడారు.

వీరబాబు పరీక్ష అయ్యాక నాకు విడిగా చెప్పింది. పుట్టుకతో వచ్చిందట. ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి దాదాపు ఒకే రంగులా కనిపిస్తాయట. మందు లేదు, మందు అక్కర్లేదు కూడా. చూపుకి ఏ ఢోకా లేదు. వీడిలాంటివాళ్లు వెలుగునీ నీడనీ మనకన్నా కొంచెం ఎక్కువ పట్టించుకుంటారని కూడా అంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

వీరబాబుని కూర్చోబెట్టి అంతా చెప్పాను. మీ నాన్నకి నేను చెబుతాను, ఒప్పుకుంటావా అని అడిగాను. రెండు రోజులు ఆలోచించి, "నేను పక్కనుంటా, మీరే చెప్పండి" అన్నాడు.

కళ్లంలో

నేను వెళ్లేసరికి కోటయ్య పొలం గట్టున ఉన్న కళ్లంలో ఉన్నాడు. నేలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండకి ఎర్రగా మండుతున్నట్టున్నాయి. ఘాటుకి నాకు దగ్గొచ్చింది. ఆయన కంగారుగా వచ్చి నులకమంచం నీడలోకి లాగాడు.

"కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా మేడమ్ గారండీ. మళ్లీ ఏం చేశాడు వీడు?"

చెప్పాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే చెప్పాను. మెడ ఎముక సంగతి కూడా చెప్పాను. వీరబాబు మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మందేమన్నా ఉందాండి?" అన్నాడు కోటయ్య.

"లేదు కోటయ్య గారూ. అది జబ్బు కాదు."

"మరి ఇన్నాళ్లూ వాణ్ణి..." అన్నాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకుంటున్నాడనే మేమిద్దరం అనుకున్నట్టు ఉన్నాం.

లేచి తోటలోకి వెళ్లి రెండు కాయలు కోసుకొచ్చాడు. ఒకటి పండింది, ఒకటి పచ్చిది. కొడుకు రెండు చేతుల్లో చెరొకటి పెట్టాడు. మ్యూజియంలో మేమేం చేస్తామో వాడు ఇంట్లో చెప్పే ఉంటాడు.

"చెప్పరా. రెంటికీ ఏం కలిసింది, ఏం కలవలా?"

వీరబాబు నా వంక చూశాడు. నేను తలూపాను. వాడు కాయల్ని వేళ్లతో నొక్కి చూశాడు.

"పొడుగు ఒకటే. ఇది గట్టిగా ఉంది. ఇది మెత్తబడింది నానా, తొడిమ కాడ ముడతలు పడతంది."

"అంతే! మెత్తందే కొయ్యి. చేత్తో చూసి కొయ్యి. నిదానంగా కొయ్యి, ఎవడు తరుముతున్నాడు?" కోటయ్య గొంతు పెద్దదైంది, వెంటనే తగ్గింది. "ముందే చెప్పొచ్చుగదరా నాకు."

"ఏడుత్తావని."

కోటయ్య ఈసారి తువ్వాలు వెతుక్కోలేదు. ట్రాక్టరు దగ్గరికి నడిచి, సీటు కింద పనిముట్ల పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పెన్సిళ్ల డబ్బా తీసుకొచ్చాడు. పారెయ్యలేదు. గ్రీజు అంటకుండా గుడ్డ కూడా చుట్టాడు. దాన్ని కొడుక్కి ఇచ్చి, కళ్లం వైపు తిరిగాడు. ఏడాదంతా కష్టపడి పండించిన కాయలు. చూసినవాళ్లంతా ఆ ఎరుపు చూసే మెచ్చుకునేవాళ్లు.

"ఇదంతా నీకెట్టా కనపడుద్దిరా?"

ఆ ప్రశ్న నేను నేర్పింది కాదు. నాకంటే బాగా అడిగాడు.

"ఎండిన చొప్ప రంగులో ఉంటది నానా. మొత్తం ఒకటే. కానీ ఒక్కో కాయ మీద సన్నగా మెరుపు ఉంటది. అవతల గట్టు కాడ మబ్బు నీడ పడ్డచోట ఆ మెరుపు పోయింది, చూడు. అది ఇటే జరుగుతా వస్తంది."

కోటయ్య కళ్లు చిట్లించి చూశాడు. తర్వాత కళ్లు సగం మూసుకుని చూశాడు. తల ఒక పక్కకి వంచి చూశాడు.

"నాకు ఎర్రగానే కనపడతందిరా" అన్నాడు, తప్పు చేసినవాడిలాగా.

వీరబాబు నవ్వాడు. మ్యూజియంలో నవ్విన నవ్వు కాదది.

కోటయ్య నేల మీదే కూర్చుని, పక్కన చోటు తట్టి కొడుకుని కూర్చోమన్నాడు. ఇద్దరూ కళ్లం వైపు తిరిగి కూర్చున్నారు.

"మళ్లీ చెప్పు. మెల్లిగా చెప్పు. ఏ గట్టు కాడ?"